గణితం పీరియడ్ గంట, ఏడో తరగతి అమ్మాయి కడుపునొప్పి: ఇది ఏ నిబంధనం?

హనుమకొండ బీఈడీ విద్యార్థిని

అందరికీ నమస్కారం. బోధనాభ్యాసం కోసం మమ్మల్ని ఒక ఉన్నత పాఠశాలకు పంపించారు. అక్కడ ఏడో తరగతిలో ఒక అమ్మాయి మూడో పీరియడ్ గంట కొట్టగానే పొట్ట పట్టుకుని బెంచీ మీదికి వంగిపోతుంది. ముఖం పాలిపోతుంది, అరచేతుల చెమటకు నోటుబుక్కు అట్ట తడిసి మెత్తబడుతుంది. మూడో పీరియడ్ గణితం. ఇప్పుడున్న సారు నెమ్మదస్తుడు, ఆమెను వరండాలోకి వెళ్లి కూర్చోమంటారు. కాసేపటికే నొప్పి తగ్గిపోతుంది, తెలుగు పీరియడ్‌లో అందరికంటే ముందు చెయ్యెత్తుతుంది. ఆసుపత్రిలో చూపిస్తే జబ్బేమీ లేదన్నారట. నిరుడు లెక్కలు చెప్పినవారు బోర్డు దగ్గర నిలబెట్టి, లెక్క రాకపోతే అందరి ముందు గట్టిగా తిట్టేవారని తోటి పిల్లలు చెప్పారు.

కేస్ స్టడీ రికార్డులో దీన్ని శాస్త్రీయ నిబంధనం (ఒక సంకేతం మరొకదానితో జతపడి అసంకల్పిత ప్రతిచర్య తెప్పించడం) కింద రాయాలా, కార్యసాధక నిబంధనం (ఫలితాన్ని బట్టి ప్రవర్తన పెరగడం లేదా తగ్గడం) కింద రాయాలా? స్టాఫ్‌రూములో ఒకరు "నటిస్తోంది" అన్నారు గానీ నాకు అలా అనిపించలేదు. పెద్దలు వివరంగా చెప్పగలరు.

పరకాల లెక్కల మాస్టారు

అమ్మా, ముందు ఆ "నటన" మాట పక్కన పెట్టండి. ముఖం పాలిపోవడం, అరచేతులకు చెమట పట్టడం, పేగులు మెలిపెట్టడం మన ఇష్టంతో జరిగే పనులు కావు, అవి స్వయంచాలక నాడీవ్యవస్థ చేసేవి. శాస్త్రీయ నిబంధనాన్ని కనుగొన్న రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ మొదట పట్టుకున్నది కూడా ఇలాంటి అసంకల్పిత ప్రతిచర్యనే. ఆయన జీర్ణక్రియ పరిశోధకుడు, 1904లో నోబెల్ బహుమతి వచ్చింది కూడా ఆ పరిశోధనకే. మన గైడ్లలో కొన్ని "నిబంధన ప్రయోగానికి నోబెల్" అని రాస్తున్నాయి, అది తప్పు. ఆహారం నోట్లో పడకముందే, ఆహారం తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే కుక్కలకు లాలాజలం ఊరడం గమనించి ఆయన ఈ దారిలోకి వచ్చాడు. ఆ తర్వాత గంటతోనే కాదు, మెట్రోనోమ్‌తో, బజర్‌తో, దీపపు వెలుగుతో, చర్మం మీద స్పర్శతో కూడా ప్రయోగాలు చేశాడు.

మీ కేసుకు అన్వయిస్తే అందరి ముందు తిట్టు నిర్నిబంధిత ఉద్దీపన (నేర్చుకోకుండానే ప్రతిచర్య తెప్పించేది), దానికి కలిగే భయం, కడుపులో కలత నిర్నిబంధిత ప్రతిస్పందన. గణితం పీరియడ్, బోర్డు, చాక్‌పీసు మొదట తటస్థ ఉద్దీపనలు (ఆ భయం తెప్పించనివి). నిరుడంతా తిట్టుతో జతపడటం వల్ల అవి నిబంధిత ఉద్దీపనలుగా, అంటే నేర్చుకున్న సంకేతాలుగా మారాయి. తిట్టిన మనిషి వెళ్లిపోయినా భయం కొత్త సారు మీదికి మళ్లడం సామాన్యీకరణం. తెలుగు పీరియడ్‌లో ఏమీ లేకపోవడం విచక్షణ.

ఇందులో ఇంకొక విశేషం ఉంది. గంట శబ్దం అన్ని పీరియడ్లకూ ఒక్కటే కదా, మూడో గంటకే నొప్పి ఎందుకు? పావ్లోవ్ ప్రయోగశాలలో అరగంటకొకసారి ఆహారం పెడితే, వేరే సంకేతం ఏదీ లేకుండానే ఆ వేళకు కుక్కకు లాలాజలం ఊరింది. కాలం కూడా ఉద్దీపనగా పనిచేస్తుంది. మన బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం గంట, సాయంత్రం లాంగ్ బెల్ ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతాయి. ఆ అమ్మాయికి మూడో గంట అలాగే తెలుస్తుంది.

జమ్మికుంట టెట్ అభ్యర్థి

సార్, వివరణ చాలా బాగుంది. అయితే పరీక్షలో "పాఠశాల భయం" అని అడిగితే శాస్త్రీయ నిబంధనం అని గుర్తించి ముందుకు పోతే చాలు కదా? కార్యసాధకం ప్రస్తావన ఇక్కడ ఎందుకు వస్తుంది?

కాకతీయ మనస్తత్వశాస్త్రం పూర్వ విద్యార్థి

తమ్ముడూ, భయం ఎలా పుట్టిందని అడిగితే మీ జవాబు సరిపోతుంది. ఆ భయం ఇన్ని నెలలుగా ఎందుకు పోవడం లేదని అడిగితే సరిపోదు. అసలు ప్రశ్న ఈ రెండోదే. పావ్లోవ్ లెక్క ప్రకారం నిబంధిత ఉద్దీపన వస్తూ, దాని వెంట నిర్నిబంధిత ఉద్దీపన రాకపోతే ప్రతిస్పందన క్రమంగా విలుప్తం కావాలి, అంటే తగ్గి ఆగిపోవాలి. ఈ సంవత్సరం సారు తిట్టడం లేదు. అయినా భయం తగ్గలేదంటే, తిట్టు రావడం లేదన్న సంగతి తెలిసేంతసేపు ఆ పిల్ల గదిలో ఉండటం లేదు.

1947లో ఓ.హెచ్. మౌరర్ చెప్పిన ద్వికారక సిద్ధాంతం దీన్నే వివరిస్తుంది. భయాన్ని నేర్చుకోవడం శాస్త్రీయ నిబంధనం ద్వారా జరుగుతుంది. ఆ భయం నుంచి తప్పించుకునే పని కార్యసాధక నిబంధనం ద్వారా స్థిరపడుతుంది. ఇక్కడ క్రమాన్ని చూడండి: గంట, భయం, కడుపునొప్పి అని చెప్పడం, వరండా, ఉపశమనం. వరండాలోకి వెళ్లగానే బాధ తొలగింది కాబట్టి, వెళ్లేలా చేసిన ప్రవర్తన బలపడింది. పునర్బలనం అంటే ప్రవర్తనను బలపరిచే ఫలితం, బాధ తొలగడం వల్ల బలపడింది కాబట్టి ఇది రుణాత్మక పునర్బలనం. చాలామంది దీన్ని శిక్ష అని రాస్తారు, కానీ రెండూ వ్యతిరేక దిశల్లో పనిచేస్తాయి. ప్రవర్తన తర్వాత అప్రియమైనది తొలగిపోయి ఆ ప్రవర్తన పెరిగితే రుణాత్మక పునర్బలనం, ప్రవర్తన తర్వాత అప్రియమైనది వచ్చి ఆ ప్రవర్తన తగ్గితే శిక్ష. ప్రవర్తన పెరిగిందా తగ్గిందా అన్నదే గీటురాయి, ఇచ్చేవారి ఉద్దేశం కాదు.

ఇదే చూపు సారు వైపు కూడా తిప్పండి. పిల్ల మూలుగుతుంటే పాఠం సాగదు, బయటికి పంపగానే గది నిమ్మళిస్తుంది. ఆయనకూ ఒక ఇబ్బంది తొలగింది, కాబట్టి బయటికి పంపే అలవాటు ఆయనలోనూ బలపడుతోంది. ఇద్దరూ మంచివారే, ఇద్దరూ ఒకరికొకరు పునర్బలనం ఇచ్చుకుంటున్నారు. రికార్డులో ఈ రెండు వైపులనూ రాస్తే మీ కేస్ స్టడీకి నిజమైన బలం వస్తుంది.

ములుగు ప్రాథమిక పాఠశాల టీచర్

ఈ చర్చలో శిక్ష గురించి కొంచెం నిలబడి మాట్లాడుకోవాలని నా మనవి. "రెండు తగిలిస్తే భయంతోనైనా నేర్చుకుంటారు" అని తల్లిదండ్రులే మాతో చెప్తుంటారు. కార్యసాధక నిబంధనాన్ని ప్రతిపాదించిన స్కిన్నర్ 1938లో ప్రచురించిన ప్రయోగాల్లో, మీట నొక్కడం నేర్చుకున్న ఎలుకలకు ఆహారం ఆపేసి విలుప్తీకరణం జరుగుతున్నప్పుడు, కొన్నింటికి మీట నొక్కగానే కాళ్లకు దెబ్బ తగిలేటట్లు చేశాడు. దెబ్బ తిన్న ఎలుకలు కొంతసేపు నొక్కడం తగ్గించాయి, తర్వాత మళ్లీ అందుకుని, చివరికి దెబ్బ తినని ఎలుకలు నొక్కినన్ని సార్లూ నొక్కాయి. దెబ్బ ఆ పనిని కాసేపు అణచిందే తప్ప మాన్పించలేదు. తర్వాతి పరిశోధకులు, ముఖ్యంగా ఆజ్రిన్, హోల్జ్ 1966లో, శిక్ష తీవ్రంగా, వెంటనే, ప్రతిసారీ పడితే గట్టిగానే అణచగలదని చూపించారన్నది కూడా నిజమే, దాన్ని దాచకూడదు. అయితే ఆ తీవ్రత ప్రయోగశాల పెట్టెలో సాధ్యం, పిల్లల గదిలో తలపెట్టరానిది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది. మన చర్చలోని అమ్మాయికి జరిగింది ఆ రెండోది, చాలామంది దాన్ని శిక్షగానే లెక్కపెట్టరు.

శిక్ష ఏం చేయకూడదో మాత్రమే చెప్తుంది, ఏం చేయాలో చెప్పదు. భిన్నాల కూడిక రాని పిల్లను తిడితే ఆమెకు భిన్నాలు రావు.

కరీంనగర్ తెలుగు పండితుడు

ఈ సిద్ధాంతాలు చదివినప్పుడల్లా నాకు ఒక అభ్యంతరం కలుగుతుంది, ఇక్కడ ఉంచుతున్నాను. నిరుడు ఆ తిట్లు తిన్నది ఈ అమ్మాయి ఒక్కతేనా? ఒకసారీ తిట్టు తినకపోయినా, పక్కవాళ్లు తినడం చూసి భయపడే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. చూసి నేర్చుకోవడాన్ని ఉద్దీపన, ప్రతిస్పందనల జతతో వివరించడం కష్టం. 1961లో బండూరా బృందం పిల్లల ముందు ఒక పెద్దమనిషి గాలిబొమ్మను కొట్టడం చూపిస్తే, ఏ బహుమతీ లేకుండానే పిల్లలు ఆ చేష్టలను అనుకరించారు. అంతకు ముందే 1930లో టోల్మన్, హోన్జిక్ చేసిన ప్రయోగంలో, పది రోజులు చివర ఆహారం పెట్టని చిక్కుదారుల్లో తిరిగిన ఎలుకలు, పదకొండో రోజున ఆహారం పెట్టగానే, మరుసటి రోజుకల్లా మొదటినుంచీ ఆహారం పొందిన ఎలుకల స్థాయికి తప్పులు తగ్గించుకున్నాయి. అంటే పునర్బలనం లేనప్పుడు కూడా నేర్చుకోవడం లోపల జరుగుతూనే ఉంది. మనసును పక్కనపెట్టి ప్రవర్తననే చూసే ప్రవర్తనావాదం దీనికి ఏమంటుంది?

కాకతీయ మనస్తత్వశాస్త్రం పూర్వ విద్యార్థి

పండితుల వారి అభ్యంతరం న్యాయమైనది. ప్రవర్తనావాదాన్ని మొదలుపెట్టిన వాట్సన్ 1913లో ప్రకటించినట్లు మనసు ఊసే ఎత్తకుండా అంతా వివరిస్తామన్న తొలి పట్టుదల నిలబడలేదు. భాష విషయంలో స్కిన్నర్ 1957లో చెప్పినదాన్ని చోమ్‌స్కీ 1959లో గట్టిగా ఖండించాడు. అయితే నిబంధనం తప్పని దీని అర్థం కాదు. నిబంధనంలో ప్రాణి నేర్చుకునేది ఏమిటన్న అవగాహన మారింది.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది 1968లో రెస్కోర్లా చేసిన ప్రయోగం, మన పాఠ్యపుస్తకాలు దాన్ని దాదాపు వదిలేస్తున్నాయి. ఎలుకలన్నింటికీ ఒక ధ్వని వినిపిస్తూ, ఆ ధ్వని సమయంలో ఒకే మోతాదులో షాకులు ఇచ్చాడు. కొన్నింటికి మాత్రం ధ్వని లేని సమయంలోనూ అంతే సంభావ్యతతో షాకులు తగిలాయి. ధ్వని, షాకుల జతలు అన్నింటికీ సమానమే. అయినా రెండో రకం ఎలుకలు ధ్వనికి భయపడలేదు, ఎందుకంటే ఆ ధ్వని వాటికి కొత్తగా ఏమీ చెప్పడం లేదు. జత కూడటం ఒక్కటే చాలదు, ఒకటి మరొకదాన్ని ముందుగా తెలపాలి. నిబంధనమంటే ప్రాణి తన లోకంలో దేని వెంట ఏది వస్తుందో, తను ఏం చేస్తే ఏది మారుతుందో తెలుసుకోవడమే.

ఇది తరగతి గదికి ఎలా వర్తిస్తుందో చూడండి. తప్పు చేస్తేనే తిట్టు పడుతుందని పిల్లకు తెలిస్తే తప్పుకు ముందు భయపడుతుంది. తప్పు చేసినా చేయకపోయినా, సారు మూడ్‌ను బట్టి ఎప్పుడైనా తిట్టు పడవచ్చంటే, ఏ ఒక్క సంకేతమూ పనికిరాదు, గది మొత్తం భయమవుతుంది. పైగా తను ఏం చేసినా ఫలితం మారదని కూడా నేర్చుకుంటుంది. 1967లో సెలిగ్మన్, మేయర్ కుక్కల మీద చూపించిన అభ్యసిత నిస్సహాయత ఇదే. తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కల్లో చాలావరకు తర్వాత అడ్డుగోడ దూకితే తప్పించుకోగలిగిన చోట కూడా దూకలేదు. లెక్కల పేపరు ఖాళీగా ఇచ్చి వెళ్లే పిల్లల్లో కొందరినైనా బద్ధకస్తులని ముద్ర వేసే ముందు ఈ ప్రయోగాన్ని తలచుకోవాలి.

భూపాలపల్లి తండ్రి

నేను ఉపాధ్యాయుణ్ణి కాదు, సింగరేణిలో పనిచేస్తాను. మా అబ్బాయికి కూడా లెక్కలంటే ఇలాంటి భయమే ఉంది కాబట్టి ఈ చర్చ మొత్తం చదివాను. భయం ఎలా వస్తుందో అర్థమైంది. దాన్ని పోగొట్టే మార్గం ఎవరైనా చెప్పగలరా? లెక్క చేసినప్పుడల్లా చాక్లెట్ ఇస్తున్నాం. చాక్లెట్ లేని రోజు పుస్తకం ముట్టడం లేదు.

కాకతీయ మనస్తత్వశాస్త్రం పూర్వ విద్యార్థి

అన్నా, మీ ప్రశ్నకు వందేళ్ల కిందటే ఒక మంచి జవాబు దొరికింది. 1920లో వాట్సన్, రేనర్ కలిసి ఆల్బర్ట్ అనే పసివాడికి తెల్ల ఎలుక కనిపించినప్పుడల్లా వెనుక ఇనుప కడ్డీని సుత్తితో మోగించి భయం నేర్పారు, పోగొట్టకుండానే వదిలేశారు. ఆ పని చేసినందుకు వారిని నేటికీ తప్పుపడతాం, తప్పుపట్టాలి కూడా. నాలుగేళ్లకు 1924లో మేరీ కవర్ జోన్స్ దానికి తిరుగుదారి చూపించింది. పీటర్ అనే మూడేళ్లలోపు పిల్లవాడికి కుందేలంటే భయం. వాడు ఇష్టమైన తిండి తింటుండగా బోనులోని కుందేలును దూరంగా, తినడం ఆగనంత దూరంలో ఉంచారు. రోజురోజుకూ కొంచెం దగ్గరికి తెచ్చారు. భయం లేని పిల్లలను పక్కన ఆడుకోనిచ్చారు. చివరికి పీటర్ కుందేలును నిమిరాడు. తొందరపడి ఒక్కసారిగా దగ్గరికి తెస్తే మాత్రం తిండి మీదనే భయం పుట్టవచ్చు.

మీ బాబు విషయంలో "దూరం" అంటే లెక్కల కష్టం. వాడు తడుముకోకుండా చేయగల రెండో తరగతి లెక్కల దగ్గర మొదలుపెట్టండి, మీరు పక్కన కూర్చోండి, మాట్లాడుతూ చేయించండి. ముఖంలో బిగువు కనిపించిన చోట ఒక మెట్టు దిగండి.

చాక్లెట్ విషయం వేరు. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ స్టాన్‌ఫర్డ్ నర్సరీలో బొమ్మలు గీయడం ఇష్టమైన పిల్లలకు, గీస్తే బహుమతి పత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత ఆ పిల్లలు తమంతట తాము గీసే సమయం, బహుమతి మాట లేని పిల్లలతో పోలిస్తే సుమారు సగానికి తగ్గింది. ముందు చెప్పకుండా అనుకోకుండా ఇచ్చినప్పుడు అలా తగ్గలేదు. ఆ పిల్లలకు ముందే ఇష్టం ఉందన్నది గుర్తుంచుకోవాలి. మీవాడికి ఇంకా ఇష్టం పుట్టలేదు కాబట్టి మొదట్లో చిన్న ప్రోత్సాహం హాని కాదు. ఒప్పందంగా మాత్రం ఇవ్వకండి. "ఈ మెట్టు సరిగ్గా వేశావు" అని ఆ క్షణంలో చెప్పే మాటే బలమైన పునర్బలనం.

పరకాల లెక్కల మాస్టారు

ఆ క్షణంలో చెప్పడం అన్న మాటను నేను బలపరుస్తున్నాను. 1953లో స్కిన్నర్ తన కూతురి నాలుగో తరగతి గణితం పాఠం చూడటానికి బడికి వెళ్లాడు. చేసిన లెక్క ఒప్పో తప్పో పిల్లలకు వెంటనే తెలియడం లేదు, వచ్చినవాళ్లూ రానివాళ్లూ ఒకే వేగంతో నడవాల్సి వస్తోంది. ఈ రెండు లోపాలు చూసే ఆయన బోధన యంత్రం తయారీకి పూనుకున్నాడు. పాఠాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, ప్రతి మెట్టుకూ వెంటనే ఫలితం తెలియజేయడం దాని మూలసూత్రం. నా తరగతిలో యంత్రమేమీ లేదు. లెక్క చివరి జవాబుతో పాటు ప్రతి వరుస పక్కనా చిన్న టిక్కు పెడతాను. సున్నా వచ్చిన పేపరులోనూ నాలుగు టిక్కులు ఉంటాయి, పిల్లలు వాటిని వేలితో లెక్కపెట్టుకుంటారు.

నర్సంపేట రైతు బిడ్డ

మక్కజొన్న చేలలో కోతుల బాధ మన వైపు అందరికీ తెలిసిందే. టపాసులు పేల్చినా కొన్నాళ్లకు లెక్కచేయవు, ఒక్క కంకి దొరికినా నెల రోజులు వదలవు. ఇది కూడా నిబంధనమేనా?

ములుగు ప్రాథమిక పాఠశాల టీచర్

రెండు వేర్వేరు విషయాలు కలిశాయి. చప్పుడు వెంట హాని ఏదీ రాకపోతే దానికి అలవాటుపడిపోవడం నిబంధనం కూడా కాదు, అంతకంటే ప్రాథమికమైన అభ్యసనం. రెండోది మాత్రం పాక్షిక పునర్బలనం. ప్రతిసారీ దొరికినది ఆగిపోతే ప్రాణి త్వరగా మానుకుంటుంది, అప్పుడప్పుడూ దొరికినది ఆగిపోతే చాలాకాలం ప్రయత్నిస్తూనే ఉంటుంది. రోడ్డు పక్కన బండ్లు ఆపి అరటిపండ్లు వేసేవారు కోతులకు నేర్పుతున్నది సరిగ్గా ఇదే.

జమ్మికుంట టెట్ అభ్యర్థి

పునర్బలన షెడ్యూళ్ల (పునర్బలనం ఎప్పుడెప్పుడు దొరకాలన్న నియమాల) మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. స్థిర కాలవ్యవధికి నెల జీతం అని గైడ్లలో ఉంది. సరైనదేనా?

పరకాల లెక్కల మాస్టారు

బలహీనమైన ఉదాహరణ. స్థిర కాలవ్యవధిలో, నిర్ణీత సమయం గడిచాక చేసిన మొదటి ప్రతిస్పందనకే పునర్బలనం దొరుకుతుంది, అందుకే సమయం దగ్గరపడే కొద్దీ ప్రతిస్పందనలు పెరుగుతాయి. గంటకొకటి వచ్చే బస్సు కోసం స్టేజీ దగ్గర నిలబడి రోడ్డు వైపు చూడటం ఇంకా దగ్గరగా ఉంటుంది. నిర్ణీత సంఖ్యలో ప్రతిస్పందనలకు పునర్బలనం దొరికే స్థిర నిష్పత్తికి మాత్రం మన జిల్లాల్లోనే చక్కని ఉదాహరణ ఉంది, వెయ్యి బీడీలకు ఇంత అని కూలి ఇవ్వడం. పరీక్షలో గైడు జవాబే కీలో ఉండవచ్చు కాబట్టి ఐచ్ఛికాలన్నీ చదివి గుర్తించండి.

భూపాలపల్లి తండ్రి

మీరందరూ చెప్పినట్లు కింది తరగతి లెక్కలతో మొదలుపెట్టాం, వాడు కూర్చుంటున్నాడు. దసరా సెలవుల్లో ఆపేస్తే మళ్లీ మొదటికొస్తుందా?

కాకతీయ మనస్తత్వశాస్త్రం పూర్వ విద్యార్థి

కొంత వస్తుంది, దానికి సిద్ధంగా ఉండండి. విలుప్తమైన ప్రతిస్పందన కొంత విరామం తర్వాత తిరిగి కనిపించడాన్ని పావ్లోవే గమనించాడు, మన పుస్తకాల్లో దాన్ని అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. మునుపటికంటే బలహీనంగా వస్తుంది, అదే పద్ధతి కొనసాగిస్తే ఇంకా త్వరగా తగ్గుతుంది. బతుకమ్మ, దసరా సెలవుల తర్వాత మొదటి వారం ఒక మెట్టు కిందనుంచే మొదలుపెట్టండి, "మళ్లీ అంతేనా" అనే మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరం. విలుప్తీకరణం జరిగిన చోటికే ఎక్కువగా పరిమితమవుతుందని బూటన్ పరిశోధనలు చూపించాయి. పాత అభ్యసనం చెరిగిపోదు, దాని మీద కొత్తది నిలుస్తుంది, చోటు మారితే పాతది పైకి రావచ్చు. ఇంట్లో మీ పక్కన భయం లేకుండా లెక్క చేసినవాడు బడిలో బోర్డు ముందు వణకవచ్చు. అందుకే కొన్ని రోజులు వాళ్లమ్మ దగ్గర, కొన్ని రోజులు పక్కింటి పిల్లలతో, వీలైతే బడి విడిచాక వాళ్ల సారు అనుమతితో ఖాళీ తరగతి గదిలోని అదే బోర్డు మీద, వాడికి వచ్చిన లెక్కలే చేయించండి. బోర్డు మీద మొదటి రోజు ఒక్క కూడిక చాలు.